ఇన్‌హేలర్ అనగానే భయపడుతున్న బుజ్జికి

బుజ్జీ,

మీ అబ్బాయికి ఆస్తమా అని డాక్టరు చెప్పి, రెండు ఇన్‌హేలర్లు రాశారన్నావు. ఫోన్లో నువ్వు అడిగినవి సగమే వినపడ్డాయి, మధ్యలో మీ అత్తగారు కూడా మాట్లాడుతున్నారు కదా. అందుకే తీరిగ్గా రాస్తున్నా. పిల్లల ఓపీలో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఇవే ప్రశ్నలకు జవాబు చెబుతూ గడిపినదాన్ని.

ఎక్స్‌రే బాగుంటే ఆస్తమా ఎలా అవుతుందని నీ అనుమానం. ఈ జబ్బులో చాలామందికి ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ఊపిరి గొట్టాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కఫం అడ్డం పడుతుంది. అదీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. తెల్లవారుజామున పిల్లికూతలతో లేచిన పిల్లాడు పదింటికి డాక్టరు దగ్గరికి చేరేసరికి గంతులేస్తుంటాడు. అందుకే ఆయన నిన్ను అన్ని ప్రశ్నలు వేశారు. రాత్రిపూట దగ్గు, పరిగెత్తితే దగ్గు, జలుబు చేసిన ప్రతిసారీ ఆయాసం, మీ నాన్నకు చిన్నప్పటి ఉబ్బసం, వీడికి మోచేతి మడతల్లో ఎగ్జిమా. ఇవన్నీ ఒకేవైపు చూపిస్తున్నాయి. ఏడేళ్లవాడు కాబట్టి స్పైరోమెట్రీ, అంటే ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్ష కూడా చేయించొచ్చు. ఒకసారి గట్టిగా ఊదించి, మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతానికి మించి పెరిగితే ఆస్తమా అన్న మాటకు బలం వస్తుంది. వాడు బాగున్న రోజున చేస్తే నార్మల్ రావచ్చు, దాన్ని పట్టుకుని జబ్బే లేదనుకోకు. పరీక్ష కోసం మందు ఎప్పుడు ఆపాలో కూడా వాళ్లనే అడుగు.

ఇక మీ అత్తగారి మాట, ‘ఇన్‌హేలర్ ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదు’ అని. ఆవిడను తప్పుపట్టకు, వాళ్ల రోజుల్లో ఊపిరి ఆడని స్థితిలోనే దాన్ని చూసి ఉంటారు. ఇన్‌హేలర్‌కు అలవాటు పడటం అంటూ ఏమీ ఉండదు. రోజూ వాడేదాంట్లో ఉన్నది స్టెరాయిడ్ అన్నది మాత్రం నిజమే, కాబట్టి లెక్క చెబుతాను. వాడికి రాసింది పూటకు 100 మైక్రోగ్రాములు, రెండు పూటలకు 200. అంటే మిల్లీగ్రాములో ఐదో వంతు. ఆయాసం ముదిరితే మింగించే స్టెరాయిడ్ మాత్ర ఈ వయసువాడికి రోజుకు 20 మిల్లీగ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రెండూ ఒకే మందు కాకపోయినా తేడా ఎంతో చూడు. ఏళ్ల తరబడి పీల్చిన పిల్లల్లో ఎత్తు ఓ సెంటీమీటరు అటూ ఇటూ తగ్గొచ్చు, అది దాచను. ఊపిరి అందక రాత్రుళ్లు నిద్రలేని పిల్లాడి ఎదుగుదల అంతకన్నా దెబ్బతింటుంది.

రెండు ఇన్‌హేలర్లలో నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు వాడేది. నిమిషాల్లో పనిచేస్తుంది, కొన్ని గంటలే ఉంటుంది, లోపలి వాపు జోలికి పోదు. రోజూ వాడమన్న రెండోదే వాపును తగ్గిస్తుంది. దాని ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, ఆ రోజుకా రోజు ఏమీ తెలియదు. అందుకే నెల తిరగ్గానే ‘దగ్గు లేదుగా’ అని ఆపేస్తారు, మళ్లీ జలుబు సీజన్లో ఎమర్జెన్సీలో కనిపిస్తారు. నాకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే. తగ్గించాలా, ఆపాలా అన్నది డాక్టరు చెప్పాలి, సాధారణంగా మూడు నెలలైనా బాగున్నాక.

పీల్చే పద్ధతి బాగా చూసుకో. ఇన్‌హేలర్ మందు బుడ్డి ఊపి స్పేసర్‌కు, అంటే మందు నిలిచే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించు. వాడు నిటారుగా కూర్చుని స్పేసర్ మూతిని పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు బిగించాలి. ఒక్క పఫ్ నొక్కు, వాడు నెమ్మదిగా ఐదారు సార్లు ఊపిరి తీసి వదలాలి. లోపలి వాల్వు టక్ టక్ మంటూ కదలడం కనిపిస్తుంది. పెదాల పక్కనుంచి తెల్లగా పొగలా వస్తే ఆ మందు గాలిపాలే. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కకు. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మేయించు, లేకపోతే నాలుక మీద తెల్లపూత కడుతుంది. స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి అలాగే ఆరబెట్టు. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కు స్టాటిక్ కరెంటు పట్టి మందును గోడలకే లాగేసుకుంటుంది. బుడ్డిని నీళ్లలో వేసి తేలితే ఖాళీ అనే పాత చిట్కా నమ్మకు. 200 పఫ్‌ల బుడ్డి రోజుకు రెండు చొప్పున వంద రోజులు, మొదలుపెట్టిన తేదీ మార్కర్‌తో దానిమీదే రాయి.

ఇంట్లో మస్కిటో కాయిల్ మానేయండి, అగరబత్తి పూజగదిలో కూడా వద్దు. ఎండుమిర్చి తిరగమోత వేసేటప్పుడు వాణ్ణి బయటికి పంపు. దుప్పట్లు, దిండుగలీబులు వారం వారం వేడినీళ్లలో ఉతుకు. పెరుగు, అరటిపండు మాన్పించకు, తిన్నాక నిజంగా ఇబ్బంది పడితే తప్ప.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు వేయిద్దామన్నారట. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో ముద్ద పెట్టి మింగిస్తారు. దానివల్ల ఆస్తమా తగ్గుతుందని వైద్యపరీక్షల్లో రుజువు కాలేదు. ఆ తొక్కిసలాటలో, ఆ దుమ్ములో ఏడేళ్లవాడి గొంతులోకి చేప వద్దనే నేనంటాను. మీ అత్తగారికి నేనే నచ్చజెబుతాలే.

ఎటాక్ వస్తే నీలం మందు ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికోసారి ఇవ్వాలో డాక్టరు చేత కాగితం మీద రాయించు. ఒక కాపీ ఫ్రిజ్ తలుపు మీద, ఇంకోటి నీలం ఇన్‌హేలర్‌తో పాటు క్లాస్ టీచరు దగ్గర. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలబడ్డా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యి, దారి పొడవునా పఫ్‌లు ఇస్తూనే ఉండు. పిల్లికూత హఠాత్తుగా ఆగి వాడు నీరసపడితే తగ్గిందనుకోకు, గాలి అసలే ఆడటం లేదన్నమాట.

ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి. వాడు మందు తీసుకునేటప్పుడు ఫోన్ పక్కనుంచి పట్టుకో, పెదాలు ఎలా పెడుతున్నాడో నేను చూడాలి.

మీ పెద్దమ్మ