పుట్టుక అడగని ప్రమాణం, పుట్టిన దేశం అడిగే క్యూ

నిన్నగాక మొన్న హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద దిగినవాళ్లు అడిగేది "మనం ఎప్పటికైనా అమెరికన్లం అవుతామా?" అని. గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు కావస్తున్నవాళ్లు అడిగేది "ఇక సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేయమంటారా?" అని. రెండు సందేహాల ముడీ ఒకచోటే ఉంది.

అమెరికన్ కావడానికి ఫలానా రక్తం, మతం అక్కర్లేదు, రాజ్యాంగానికి కట్టుబడతానని ప్రమాణం చేస్తే చాలు. ఈ దేశం తన గురించి చెప్పుకునే గొప్ప ఇదే. ప్రమాణం చేసే హాల్లో అది నిజమే కూడా. ఆ హాలు దాకా వచ్చే దారిలోనే పుట్టుక అడ్డం పడుతుంది. 1790 నాటి చట్టం పౌరసత్వాన్ని తెల్లవారికే పరిమితం చేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థింద్ తెల్లవాడు కాదని 1923లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ తీర్పు పట్టుకుని, అప్పటికే పౌరులైన భారతీయుల్లో చాలామందికి ఇచ్చినదాన్ని కూడా లాగేసుకున్నారు. 1946లో తలుపు తీశారు కానీ ఏడాదికి 100 మందికే కోటా. మనవాళ్లు ఇలా వేలల్లో రాగలిగింది 1965 వలస చట్టం పుణ్యాన.

ఇప్పుడు రంగు అడగరు, పుట్టిన దేశం అడుగుతారు. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు కుటుంబాలతో కలిపి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా అందులో 7 శాతమే పరిమితి. ఇండియా క్యూ అంత పొడుగు అందుకే. ఇక్కడ చాలామంది పొరబడేదొకటుంది: లెక్కలోకి వచ్చేది పాస్‌పోర్టు కాదు, పుట్టిన చోటు. తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తుండగా కువైట్‌లోనో దుబాయ్‌లోనో పుట్టిన తెలుగువాళ్లు మన సంబంధాల్లో తక్కువేం కాదు. మీరు గుంటూరులో పుట్టినా మీ ఆవిడ కువైట్‌లో పుట్టి ఉంటే, ఇద్దరూ ఆమె దేశం లెక్కలోకి మారొచ్చు. అప్పుడు ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఇండియా గడి వదిలేసి మిగతా దేశాల గడి చూసుకోవాలి. ఆమె జనన ధ్రువపత్రం, మీ పెళ్లి సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని లాయరుకి మొదట్లోనే చెప్పండి, వాళ్లంతట వాళ్లు అడక్కపోవచ్చు. పిల్లలు పుట్టిన చోటు మాత్రం తల్లిదండ్రులకు పనికిరాదు.

కొంప ముంచేది ఓటు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో లైసెన్సుతోపాటే ఓటరు నమోదు కూడా అడుగుతారు. హడావిడిలో అవునని నొక్కి సంతకం పెట్టేస్తే, సిటిజన్‌నని అబద్ధం చెప్పినట్టు అవుతుంది. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9 ఫారంలో సిటిజన్ గడిలో టిక్కు పెట్టినా అంతే. దీనికి మినహాయింపులు దాదాపు లేవు, దేశం నుంచి పంపేసేదాకా పోవచ్చు. ఇప్పటికే జరిగిపోయి ఉంటే దాచకండి. పౌరసత్వానికి పెట్టుకునే దరఖాస్తు ఎన్-400లో ఈ ప్రశ్న నేరుగా అడుగుతారు. అది పంపకముందే ఇమిగ్రేషన్ లాయర్ని కలవండి. జ్యూరీ పిలుపు వస్తే చింపి పారేయకుండా, సిటిజన్‌ని కాదని గుర్తుపెట్టి తిప్పి పంపండి.

ఎన్-400కి గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచీ అప్లై చేయొచ్చు. ఆ అయిదేళ్లలో కనీసం 30 నెలలు ఇక్కడే ఉండి ఉండాలి. ఒక్కసారి వెళ్లి ఆరు నెలలు దాటితే నివాసం తెగిందనే అనుమానంతో చూస్తారు, ఏడాది అయితే తెగినట్టే. పిల్లలు స్పాన్సర్ చేసిన అమ్మానాన్నలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 2025 అక్టోబరు 20 నుంచి వేసిన దరఖాస్తులకు, అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద పెట్టే పౌరసత్వ పరీక్షలో 128 ప్రశ్నల పట్టిక, అందులో 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 55 ఏళ్లు దాటి, గ్రీన్‌కార్డుతో 15 ఏళ్లున్న పెద్దవాళ్లు దుబాసీని తీసుకెళ్లి తెలుగులోనే చెప్పొచ్చు.

ప్రమాణంలో పాత దేశం పట్ల విధేయత పూర్తిగా వదులుకుంటున్నానని గట్టిగా పలకాలి. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మీ భారత పౌరసత్వం కూడా దాంతో పోతుంది. "ఊళ్లో పొలం ఏమవుతుంది?" అంటారు. ఉన్నది పోదు, వారసత్వంగా వచ్చేదీ ఆగదు. కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు. అది ఎన్నారైగా ఉన్నప్పుడూ లేని హక్కే కదా.

ప్రమాణం అయిన వారంలో ఇండియాలో పెళ్లికని టికెట్లు కొనకండి. గ్రీన్‌కార్డు ఆ హాల్లోనే తీసేసుకుంటారు. భారత పాస్‌పోర్టు మీద ఇక ప్రయాణం చేయకూడదు, చేస్తే జరిమానా. ముందు అమెరికా పాస్‌పోర్టు రావాలి, తర్వాత భారత పాస్‌పోర్టు సరెండర్ సర్టిఫికెట్, ఆ పైన భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు. ఓసీఐ ఆలస్యమైతే అమెరికా పాస్‌పోర్టు మీద ఈ-వీసా తీసుకుని వెళ్లండి. ఎంత తొందరున్నా పాస్‌పోర్టు చేతికి వచ్చాకే ముహూర్తం మాట.