స్పీచ్ థెరపీ చదివి అమెరికా వస్తున్నావా? లాగ్‌బుక్కు మర్చిపోకు

"సికింద్రాబాద్‌లో బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల డిగ్రీ) చేశాను, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉంది. పెళ్లయి డాలస్ వస్తున్నాను. అక్కడి స్కూళ్లలో ఉద్యోగం దొరుకుతుందా అక్కా?" అని ఒకమ్మాయి అడిగింది.

దొరుకుతుంది, కానీ ఆ ఒక్క డిగ్రీతో పూర్తి స్థాయి థెరపిస్టుగా కాదు. మన దగ్గర పొద్దున ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష), మధ్యాహ్నం నత్తికి థెరపీ, రెండూ మనమే చేస్తాం. ఇక్కడ అవి రెండు వేరే వృత్తులు. వినికిడి వైపు వెళ్లాలంటే ఏయూడీ అనే డాక్టరేట్ కావాలి, మామూలుగా నాలుగేళ్లు. పైగా స్కూళ్లలో ఆ పోస్టులు చాలా తక్కువ. మాట వైపు అయితే మాస్టర్స్ చాలు, పనికీ కొదవ లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడే ఉచితంగా థెరపీ ఇవ్వాలని 1975 నుంచీ ఇక్కడ చట్టం ఉంది.

మాస్టర్స్‌తో పాటు 400 గంటల క్లినికల్ అనుభవం, ప్రాక్సిస్ అనే జాతీయ పరీక్షలో 162 మార్కులు, ఆ తర్వాత 36 వారాల ఫెలోషిప్, అంటే సీనియర్ పర్యవేక్షణలో పని (దీనికి జీతం ఇస్తారు). ఇవన్నీ అయితే ఆషా (ఇక్కడి స్పీచ్, హియరింగ్ నిపుణుల జాతీయ సంఘం) వాళ్ల సర్టిఫికెట్ వస్తుంది. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల సంఘాలతో ఆషాకు పరస్పర గుర్తింపు ఒప్పందం ఉంది, మన దేశంతో లేదు. అందుకే మన డిగ్రీని కోర్సు కోర్సుగా విప్పి చూస్తారు. నేను ఇండియాలో మాస్టర్స్ చేసే వచ్చాను. అయినా స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ లేవన్నారు. ఇంటర్ బైపీసీలో రెండేళ్లు బట్టీ పట్టిన కెమిస్ట్రీ లెక్కలోకే రాలేదు! ఇక్కడ డబ్బు కట్టి మళ్లీ చదివాను.

లైసెన్సు మాత్రం రాష్ట్రానిదే. టెక్సాస్‌లో ఒక ఆఫీసు ఇస్తుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ స్కూళ్లలో చేయాలంటే విద్యాశాఖ వైపు నుంచి ఇంకో సర్టిఫికెట్ కావాలి. మా ఆయన ప్రాజెక్టు మారి న్యూజెర్సీ నుంచి ఇప్పుడున్న రాష్ట్రానికి వచ్చినప్పుడు ఆషా కాగితం నాతో వచ్చింది, మిగతాది మొదటి నుంచి మొదలుపెట్టాను.

హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకు ఇచ్చే వీసా) మీద వస్తుంటే, మీ ఆయనకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయి నీకు ఈఏడీ (పని అనుమతి కార్డు) వచ్చేదాకా ఉద్యోగం చేయకూడదు. చదువుకోవచ్చు మాత్రం. ఖాళీగా కూర్చుని టెన్షన్ పడే బదులు ఆ టైమ్‌లో మాస్టర్స్ కానిచ్చెయ్. ఈఏడీ ముందే వస్తే, బ్యాచిలర్స్‌తో టెక్సాస్‌లో అసిస్టెంట్ లైసెన్సుకు ప్రయత్నించవచ్చు. కానీ పరీక్షించి సమస్య ఏమిటో తేల్చే అధికారం అసిస్టెంట్‌కు ఉండదు.

ఆ తేల్చే పని దగ్గరే మన తెలుగు అక్కరకొస్తుంది. ఒకసారి ఐదేళ్ల పిల్లాడు 'విండో'లో వకారం ఇంగ్లిషు వాళ్లలా పలకడం లేదని టీచర్ నా దగ్గరికి పంపింది. వాళ్లమ్మను పిలిచి, వాడితో తెలుగులో మాట్లాడించాను. ఇంట్లో కుక్కపిల్ల కథ పది నిమిషాలు ఆపకుండా చెప్పాడు. అది జబ్బు కాదు, యాస. థెరపీ అక్కర్లేదని రాసిచ్చాను.

ఇక అసలు పని. సిలబస్ కాపీ, సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్ట్స్, క్లినికల్ లాగ్‌బుక్కు (పేషెంట్లతో పనిచేసిన గంటల రికార్డు) విమానం ఎక్కే ముందే కాలేజీ నుంచి తెచ్చుకో. లాగ్‌బుక్కులో ఏ సమస్యకు ఎన్ని గంటలో విడివిడిగా ఉండాలి, సూపర్‌వైజర్ సంతకం, రబ్బరు స్టాంపు ఉండాలి. నా దాంట్లో మొత్తం గంటలే ఉన్నాయి. రాత్రి పదకొండయ్యాక కాలేజీకి ఫోన్ చేస్తే "రేపు చేయండమ్మా" అనేవాళ్లు, అలా ఏడు నెలలు. లాగ్‌బుక్కును చెకిన్ సూట్‌కేసులో వేయకు, చేతి సంచిలో పెట్టుకో.