ఆ ఊళ్లో ఇల్లు కొనేముందు

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. బ్లూమింగ్టన్ అపార్ట్‌మెంట్ వదిలి పక్క పల్లెటూళ్లో పాత ఇల్లు కొంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం కూడా నిజమే. ఇల్లినాయిలో ఇన్నేళ్లుగా ఉన్నదాన్ని, చెప్పకుండా ఉండలేను.

మీ తాతగారి గుంటూరు ఇల్లు అమ్మినప్పుడు స్థలానికే ధర కట్టారు, ఇంటిని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. ఊరు దాటితే అన్నీ మొక్కజొన్న, సోయా చేలే. ఊళ్లో స్థలానికి పెద్ద విలువ లేదు. నువ్వు డబ్బు పోసేది చెక్క ఇంటికి, అది ఏటేటా పాతబడేదే. పదేళ్లలో రెట్టింపవుతుందని అల్లుడుగారు అన్నారట. ఆ ఆశతో మాత్రం కొనకండి.

మా స్నేహితులొకరు అలాగే కొన్నారు. వందేళ్లు దాటిన రెండంతస్తుల ఇల్లు, ముందు పెద్ద వరండా. చవగ్గా వచ్చిందని మురిసిపోయి వంటగదికి గ్రానైటు, కొత్త కేబినెట్లు, పైన రెండు బాత్రూములు పెట్టించారు. ఇంటి ధరలో సగం వాటికే అయింది. గృహప్రవేశం రోజు గంగాళం కోసం నేను బేస్‌మెంట్‌లోకి దిగాను. ఇటుక గోడ మీద, నేలకి మూరెడెత్తున, గది చుట్టూ తెల్లటి ఉప్పు చార. చేత్తో రాస్తే పొడిగా రాలింది. తడి ఊరిన గోడే అలా ఉప్పు కక్కుతుంది. పాత సున్నం మరకేలే అన్నారు ఆ ఇంటాయన. మంచు కరగ్గానే ఆ చార దాకా నీళ్లొచ్చాయి. బేస్‌మెంట్‌లో చేరే నీళ్లు తోడేసే సంప్ పంప్ పెట్టిస్తే, మట్టి డ్రైనేజీ గొట్టంలో మేపుల్ చెట్టు వేళ్లు దూరాయని బయటపడింది.

ఈలోగా ఆఫీసు ఆయన్ని టెక్సస్‌కి మార్చింది. ఇల్లు అమ్మకానికి పెట్టారు, కొనేవాళ్లూ దొరికారు. కానీ ఆ సంవత్సరం ఊళ్లో అమ్ముడైనవే రెండో మూడో ఇళ్లు. బ్యాంకు కోసం ఇంటికి విలువ కట్టే అప్రైజర్ వాటితో పోల్చే ధర కట్టాడు, గ్రానైటుకి పెద్దగా ఏమీ కలపలేదు. బ్యాంకు అంతకు మించి అప్పివ్వనంది, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ఖాళీ ఇంటికి ఖర్చెందుకని హీటింగ్ ఆపేసి వెళ్లారు. జనవరిలో పైపులు పగిలి, ఆ కొత్త వంటగదంతా నీళ్ల పాలైంది. హీటింగ్ ఆపి, పైపుల్లో నీళ్లు వదిలేశారు కాబట్టి ఇన్సూరెన్స్ కూడా రాలేదు. ఆ ఇంటావిడ నాకు ఫోన్ చేసి ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ మర్చిపోలేను.

నువ్వేమో ఫొటోలు చూసి ఆఫర్ ఇచ్చేద్దామనుకున్నావట! ఇంత చదువుకుని అదేం పని? ముందు బేస్‌మెంట్‌లోకి దిగు. వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లు. వంటగది చివర చూడు. డ్రైనేజీలోకి కెమెరా పంపించి చూపించమను.

తెలిసినవాళ్లతో ఇల్లంతా చూపించే ఇన్‌స్పెక్షన్, నేలలోంచి ఇంట్లోకి చేరే హానికరమైన రేడాన్ వాయువు పరీక్ష మానొద్దు. 1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం పెయింటు ఉండొచ్చు. కిటికీ తీసి వేసినప్పుడల్లా పొడి రాలుతుంది. బుజ్జిగాడు పాకే వయసులో ఉన్నాడు, చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటాడు. అన్నిటికంటే నాకు భయం అదే. పరీక్ష చేయించకుండా వాణ్ని ఆ ఇంట్లో దింపకు.

ఇంకోటి, ఆస్తిపన్ను. అమ్మే ముసలావిడ కడుతున్న పన్ను చూసి తక్కువే అనుకోకు. పెద్దవాళ్లకిచ్చే మినహాయింపులు ఆవిడతోనే పోతాయి. ఇక్కడ ఈ ఏటి పన్ను బిల్లు వచ్చే ఏడు వస్తుంది, కాబట్టి అసలు సంగతి అప్పుడుగానీ తెలియదు. కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి, మినహాయింపులు లేకుండా ఎంతవుతుందో కనుక్కో.

పల్లెటూళ్లకి డౌన్ పేమెంట్ లేని యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) లోన్ ఉంది, మీ జీతాలకి వస్తుందేమో అడుగు. ఉద్యోగాలున్న చోటికి ఎంత దూరమో కూడా చూసుకో. 2015లో బ్లూమింగ్టన్ పక్కనున్న నార్మల్ అనే ఊళ్లో మిత్సుబిషి కార్ల ఫ్యాక్టరీ మూతపడింది, 2021లో అదే చోట రివియన్ కంపెనీ ఎలక్ట్రిక్ కార్లు తయారవడం మొదలైంది. చుట్టుపక్కల ఇళ్ల గిరాకీ ఇలాంటి వాటి వెంటే నడుస్తుంది.

కోప్పడ్డానని బాధపడకు తల్లీ. పదేళ్లు కదలకుండా ఉండేట్టయితే, ధర పెరగకపోయినా ఫరవాలేదనుకుంటే, నిశ్చింతగా కొనుక్కో. వాడికి పెరడు, నీకు టమాటా మొక్కలు, అపార్ట్‌మెంట్ అద్దెకన్నా తక్కువ నెలవాయిదా. ఇన్‌స్పెక్షన్ ఏ రోజో ముందే చెప్పు, మీ పెదనాన్నా నేనూ వస్తాం. మేం చూసేదాకా సంతకం పెట్టకు.

ప్రేమతో,
పెద్దమ్మ