రూమ్మేట్‌కి గ్రూప్-2 వచ్చింది, నాకు రాలేదు, తన మొహం చూడలేకపోతున్నాను

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు మేడమ్, మాది నల్గొండ దగ్గర పల్లెటూరు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నేనూ నా ఫ్రెండూ నాలుగేళ్ళుగా ఒకే రూమ్‌లో ఉండి గ్రూప్స్ గవర్నమెంట్ జాబ్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అయ్యాం, నోట్స్ కూడా ఇద్దరికీ ఒకటే. తనకి గ్రూప్-2 వచ్చింది, నాకు రాలేదు. కేక్ నేనే తెచ్చాను, కట్ చేయించాను, తర్వాత బాత్‌రూమ్‌లోకెళ్ళి ఏడ్చాను. తన స్టేటస్ చూస్తే కడుపు మండిపోతోంది. పుస్తకం తెరిస్తే ఊపిరాడనట్టు అవుతోంది. ఫ్రెండ్‌ని చూసి ఇంత కుళ్ళుకుంటున్నానా అని నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అన్నీ వదిలేసి ఇంటికెళ్ళిపోవాలా?

జవాబు: అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అందులో ఆ అమ్మాయి గురించి ఒక్క చెడ్డ మాట లేదు, తనకి రాకుండా ఉంటే బాగుండేది అని ఎక్కడా లేదు. కుళ్ళు అంటే ఎదుటివాళ్ళది పోవాలనుకోవడం, నీది అది కాదు, నాకూ వచ్చి ఉండాల్సింది కదా అనే బాధ. రెండిట్లోనూ మంట ఒకేలా ఉంటుంది కాబట్టి అనుభవించేవాళ్ళకి తేడా తెలీదు, బయటనుంచి చూస్తున్న నాకు తెలుస్తోంది.

రిజల్ట్ వచ్చిన రోజు ఏం జరిగిందో చూడు. ఒకే రూమ్‌లో ఒకరికి పండగ, ఇంకొకరికి నాలుగేళ్ళ కష్టం చేతికి రాకుండా పోయింది. పండగకి కేక్ ఉంది, ఫోన్లున్నాయి, ఊళ్ళో ఫ్లెక్సీ కూడా కట్టే ఉంటారు, నీ బాధకి మాత్రం బాత్‌రూమ్ తప్ప చోటు దొరకలేదు. ఇంట్లో ఎవరైనా పోతే పది రోజులు నలుగురొచ్చి పక్కన కూర్చుంటారు, ఏడవనిస్తారు. ఎగ్జామ్ పోతే ఎవరూ రారు, మర్నాడే నెక్స్ట్ నోటిఫికేషన్ ఎప్పుడంట అని అడుగుతారు. ఆ రోజు ఏడవని ఏడుపే ఇప్పుడు పాలిటీ పుస్తకం తెరిస్తే వస్తోంది, తన స్టేటస్ చూస్తే మంటగా వస్తోంది. నువ్వు ఈర్ష్య అనుకుంటున్న దాంట్లో ముప్పావు వంతు దుఃఖమే అని నాకు గట్టిగా అనిపిస్తోంది, ముందు దాన్ని ఆ పేరుతో పిలువు.

పైగా ఈ ఎగ్జామ్ ఎలా జరిగిందో గుర్తుందా. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, ఐదున్నర లక్షల మంది దాకా అప్లై చేశారు, ఎగ్జామేమో 2023 ఆగస్టు అన్నారు, నవంబర్ అన్నారు, 2024 జనవరి అన్నారు, మళ్ళీ ఆగస్టు అన్నారు, చివరికి డిసెంబర్ 15, 16న పెట్టారు. ప్రతిసారీ రివిజన్ చేసి, నిద్ర మానుకుని, ఇంట్లో ఇంకో నాలుగు నెలలకి డబ్బులడిగి... దానికి తోడు గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రాస్తే రెండుసార్లూ రద్దయింది. మనిషి అలిసిపోకుండా ఎలా ఉంటుందమ్మా? నీకు సత్తా లేక ఊపిరాడట్లేదు అనుకోకు, రెండేళ్ళు పరుగుకి రెడీ అవ్వడం ఆగిపోవడం, రెడీ అవ్వడం ఆగిపోవడం, ఎవరికైనా అలాగే అవుతుంది.

ఇప్పుడేం చేయాలంటే, పది రోజులు పుస్తకం ముట్టుకోకు. బద్ధకం అనుకోవద్దు, నేను చెప్పానని మానెయ్. ఊరెళ్ళి అమ్మ దగ్గరుండు, కానీ వెళ్ళేముందు ఫోన్‌లో చెప్పు, అమ్మా వారం రోజులు దాని జాబ్ గురించి గానీ నా పెళ్ళి గురించి గానీ మాట్లాడకు, నాకు బాలేదు అని. మనం నోరు తెరిచి చెప్పకపోతే అమ్మలకి తెలీదు, బాగా చదువుతోందిలే అనుకుంటారు. ఊపిరాడనట్టు అయినప్పుడు చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీకి అతుక్కుని ఇంకో పేజీ చదువుదాం అని ప్రయత్నించకు, లేచి బయటికొచ్చెయ్, ఇందిరా పార్క్‌లో అరగంట నడువు, ఊపిరి తీసుకున్నదానికన్నా వదిలేది కాస్త ఎక్కువసేపు వదులు. నిద్ర పట్టట్లేదన్నా, తినబుద్ధి కావట్లేదన్నా, ఎందుకు బతకాలి అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా 14416కి ఫోన్ చెయ్. అది టెలి మానస్, గవర్నమెంట్‌ది, ఫ్రీ, రాత్రి రెండింటికైనా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. గుండె దడ, ఊపిరాడకపోవడం రెండు మూడు వారాలైనా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకో, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వాట్సాప్‌లో తన స్టేటస్ మ్యూట్ చెయ్, తనకి తెలియదు. కానీ తన ఫోన్ ఎత్తడం మాత్రం మానెయ్యొద్దు. ఇది నా అనుభవంతో చెప్తున్నా. చాలా ఏళ్ళ కింద నాతో కలిసి టీచర్ పోస్టుల కోసం డీఎస్సీకి చదివిన అమ్మాయికి పోస్ట్ వచ్చింది, నాకు రాలేదు. జ్వరమని చెప్పి తన పెళ్ళికి వెళ్ళలేదు. పదేళ్ళ తర్వాత ఓ ఫంక్షన్‌లో కనపడి, నువ్వు రాకపోతే నేనేం తప్పు చేశానో అని పెళ్ళిపీటల మీద కూడా అదే ఆలోచించాను అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే నీ ఫ్రెండ్‌తో ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పు, నీకొచ్చినందుకు సంతోషంగానే ఉందే, నాకు రానందుకు మాత్రం చాలా ఏడుపొస్తోంది, కొన్నాళ్ళు నేను సరిగ్గా మాట్లాడకపోతే ఏమనుకోకు అని. నాలుగేళ్ళు ఒకే గిన్నెలో వండుకుని తిన్న మనిషికి అర్థమవుతుంది, అసలు తను కూడా నీ ముందు గట్టిగా నవ్వడానికి భయపడుతూ ఉండొచ్చు.

ఇంక వదిలెయ్యాలా వద్దా అనేది. ఇప్పుడు తేల్చొద్దు. మంట మీదున్నప్పుడు వదిలేస్తే తర్వాత జీవితాంతం ఇంకొక్కసారి రాసుంటేనా అని ఉంటుంది, మంట మీదున్నప్పుడు పంతానికి కూర్చుంటే ఇంకో నాలుగేళ్ళు నీ ఫ్రెండ్ కోసం చదివినట్టు అవుతుంది. 2024లో ఏజ్ లిమిట్ 46కి పెంచారు కదా అని చాలామంది ధైర్యం చెప్తారు, నాకు ఆ ధైర్యం నచ్చదు, 46 దాకా రాయొచ్చు అంటే రాయాలని కాదు. ఊరినుంచి వచ్చాక ఒక కాగితం తీసుకుని నాలుగు పేపర్లకి ఒక్కోదానికి 150కి నీకెన్ని వచ్చాయో రాయి, కటాఫ్‌కి ఎంత దూరంలో ఆగావో రాయి. పది పదిహేను మార్కుల్లో పోయి, అది కూడా ఎకానమీ లాంటి ఒక్క పేపర్‌లోనే పోయి ఉంటే ఇంకో అటెంప్ట్‌కి అర్థముంది. నాలుగు పేపర్లలోనూ దూరంగా ఉంటే అదే నోట్స్ నాలుగోసారి తిప్పడం వల్ల మారేది ఏమీ ఉండదు. రాసినా సరే, ఈసారి చేతిలో ఏదో ఒక జీతం పెట్టుకుని రాయి, పార్ట్ టైమ్ అయినా, ట్యూషన్లయినా, ఇంట్లో డబ్బులడిగే ప్రతిసారీ నువ్వు ఇంకొంచెం చిన్నదానివైపోతున్నావేమో అని నాకు అనిపిస్తోంది.

డిగ్రీలో ఏ గ్రూప్ చేశావో, బీఎడ్ ఉందో లేదో రాయలేదు నువ్వు. పది రోజులయ్యాక ఆ మార్కుల కాగితంతో పాటు అది కూడా రాసి పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.