సెలవుల్లో పిల్లల్ని చదివించబోతున్న మా స్వాతికి

సామర్లకోట,
ఏప్రిల్ 14.

చి. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ సెలవుల్లో వీధి పిల్లలందర్నీ మీ అరుగు మీద కూర్చోబెట్టి చదివిస్తావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది. ఎంతమంది వస్తారే అంటే "పాతికమంది దాకా" అంది, దాంతో భయమూ వేసింది. పాతికమందా! అంతమందిని పెట్టుకుంటే నువ్వు చేసేది కేకలెయ్యడమే, చదివించడం కాదు. పదిమంది చాలు. పదకొండో వాణ్ణి తీసుకొస్తే, ఆ ఇంట్లోనో పక్కింట్లోనో ఇంటర్ చదివే పిల్ల ఉంటుంది చూడు, ఆ పిల్లని లాక్కొచ్చి ఇంకో అరుగు మీద ఇంకో జట్టు పెట్టించు.

ముందు రోజుల లెక్క చూసుకో. ఏప్రిల్ 24 నుంచి సెలవులు, జూన్ 12న బడి. కాగితం మీద ఏడు వారాలు. అమ్మమ్మగారి ఊళ్ళు, పెళ్ళిళ్ళు, తీర్థాలు, జ్వరాలు పోను ఒక్కో పిల్ల నీ చేతికి దొరికేది ముప్ఫై రోజులు దొరికితే గొప్ప. కాబట్టి వచ్చే ఏడాది వాచకం ముందే అయిపోగొడతాననే ఆలోచన ఏమైనా ఉంటే ఇప్పుడే మానెయ్. మార్చిలో ఎంత చదవగలిగారో జూన్‌లో అంతకు తగ్గకుండా చూడటమే నీ పని. ముఖ్యంగా ఒకటి, రెండు, మూడు తరగతుల వాళ్ళు. అక్షరం కంటపడగానే శబ్దం దానంతటదే తట్టే దశకి వాళ్ళింకా రాలేదు, అందుకే వదిలేస్తే జారిపోతారు. ముందు పోయేవి ఒత్తులు. ఆ వెనక దీర్ఘాలు. విడి అక్షరాలు అంత తొందరగా పోవు, అందుకే పిల్లవాడికి అన్నీ వచ్చనుకుని పెద్దవాళ్ళు మోసపోతారు.

వేళ సంగతి గట్టిగా చెబుతున్నాను, ఇది మాత్రం బేరం లేదు. పొద్దున్న ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదికల్లా లేపెయ్. "ఇంకో కథ అక్కా" అని బతిమాలినా సరే. తొమ్మిది దాటాక మేలో ఎండ ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? కుండలో నీళ్ళు, గ్లాసు పెట్టు. ఏమీ తినకుండా వచ్చిన పిల్లకి రెండు అరటిపళ్ళైనా చేతిలో పెట్టు. పంపేటప్పుడు విడివిడిగా పంపకు, గుంపుగా, పెద్దపిల్ల వెంట పంపు. మీ వీధి చివర చెరువు ఉంది కదా. సెలవుల్లో చెరువు దగ్గర పిల్లల్ని కాసేవాళ్ళెవరూ ఉండరు. ఎవరు వచ్చారో ఎవరు ఇంటికి చేరారో రోజూ పేరు పెట్టి చూసుకో. చదువు సంగతి ఆ తర్వాతే.

ఇంకోటి. ఆ వేళకి చాలామంది తల్లులు ఉపాధి పనికి పోతారు. పదేళ్ళ ఆడపిల్ల చంకలో తమ్ముణ్ణి వేసుకుని ఇంట్లో ఉండిపోతుంది. "చంటివాణ్ణి తేవద్దు" అన్నావా, ఆ పిల్ల ఇక రాదు. తెమ్మను. ఓ మూల చాప వేసి నాలుగు గిన్నెలు, గరిటెలు పడేస్తే వాడి లోకం వాడిది.

మొదటి రోజు ఎవరికి ఎంత వచ్చో చూడాలి. తరగతిని బట్టి కాదు, ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి, మిగతావాళ్ళకి వినపడనంత దూరంలో. పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూడటానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఊళ్ళలో చేస్తున్న అసర్ సర్వేలో వాడే పద్ధతే నీకూ చాలు: ఒక కాగితం మీద విడి అక్షరాలు, ఇంకోదాని మీద ఒత్తులు లేని చిన్న మాటలు, మూడోదాని మీద నాలుగు తేలిక వాక్యాలు, నాలుగోదాని మీద ఎనిమిది పది వాక్యాల కథ. నాలుగు వాక్యాల కాగితంతో మొదలుపెట్టు. చదివితే కథకి వెళ్ళు, చదవలేకపోతే మాటలకి, అక్కడా ఆగితే అక్షరాలకి దిగు. వాచకంలో పాఠం మాత్రం ఇవ్వకు. ఏడాదంతా విన్న పాఠం కళ్ళు మూసుకుని కూడా అప్పజెబుతారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఉత్తరం రాయడానికి కారణమే ఇది. పాతకాలం నుంచి పంతుళ్ళూ తల్లిదండ్రులూ అందరూ చేస్తూ వస్తున్న పొరపాటు ఒకటుంది. చదువు అనగానే అ ఆలతో మొదలుపెట్టి, తర్వాత గుణింతాలు పాటలా పాడించడం. పిల్లలు "క కా కి కీ" అని గొంతు కలిపి అందుకుంటే వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అరుగు ముందు నుంచి పోయేవాళ్ళు కూడా ఆగి చూస్తారు. కానీ నోటికి వచ్చింది కంటికి రాదు. ఆ పిల్లల్లో ఒకణ్ణి పిలిచి పలక మీద "గో" అని రాసి చూపించు. వాడి పెదవులు చూడు. "గ గా గి గీ గు గూ..." అని లోపల లోపల పాడుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కి, "గో!" అంటాడు. నువ్వు భేష్ అంటావు. వాడు చదవలేదు తల్లీ, లెక్కపెట్టాడు. ఇప్పుడు వాడి చేతికి "గోడ మీద కోడి కూసింది" అని ఇవ్వు. ఒక్కో అక్షరానికీ గుణింతమంతా పాడుకుని వచ్చేసరికి, "కూసింది" దగ్గర చేరేవేళకి గోడ సంగతి మరిచిపోయి ఉంటాడు. ఏం చదివావురా అంటే బిక్కమొహం వేస్తాడు. అప్పుడు మనం వాడికి అర్థం చేసుకునే తెలివి లేదంటాం.

ఈ పాట అలవాటు విడగొట్టాలంటే అడ్డంగా ఉన్నదాన్ని నిలువుగా చెయ్యాలి. ఒక అక్షరానికి గుర్తులన్నీ కాదు, ఒక గుర్తుని అక్షరాలన్నింటికీ చూపించు. గుడి ఒక్కటే తీసుకో: కి, ని, లి, డి, మి, రి. వరస లేకుండా, రోజుకో వరసలో. పాత శుభలేఖలు కత్తిరిస్తే వెనకవైపు మంచి అట్టలవుతాయి. నల్ల స్కెచ్ పెన్నుతో అంగుళం ఎత్తు అక్షరాలు రాసి, పేకముక్కల్లా కలిపి ఒక్కోటి తియ్యి. పాడుకునే వ్యవధి ఇవ్వకుండా వెంటనే మాటల్లోకి వెళ్ళు. మొదటి వారం దీర్ఘం, గుడి: కాకి, గాలి, బడి, రాణి, మామిడి. తర్వాత కొమ్ము: పులి, కుడి, ముడి. ఆ తర్వాత ఎత్వం, ఏత్వం: చెరకు, మేక, నేల. ఒత్వం, ఓత్వం చివర: కొడవలి, తోట, కోడి.

ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి, ముందే తెలిసి ఉంటే కోపం రాదు. మిగతా అక్షరాలకి పక్కన వచ్చే కొమ్ము "పు", "వు" లకి కిందికి దిగుతుంది. పక్కన పెడితే "వ" కాస్తా "మ" అయిపోతుంది మరి. ఆ సంగతి పలక మీద గీసి చూపిస్తే పిల్లలు భలే నవ్వుతారు, మరిచిపోరు. రెండోది "మొ", "యొ". మిగతావాటికి నెత్తి మీద ఉండే ఒత్వం వీటికి ఎత్వం, పక్కన కొమ్ముగా విడిపోతుంది. అందుకే "మొక్క"ని "ముక్క" అని చదువుతారు. అది అశ్రద్ధ కాదు, వాళ్ళ కళ్ళకి కనబడింది చదివారు.

ఒత్తుల దగ్గరా ఇలాంటి కిటుకే. తల్లి అక్షరంలాగే ఉండే ఒత్తులతో మొదలుపెట్టు: గడ్డి, చెట్టు, బుగ్గ, పప్పు, డబ్బు. అవి తేలిక. అసలు తిప్పలు రూపం మార్చుకునే వాటితో: త, న, మ, య, ర, ల. ఈ ఆరింటికీ అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల అనే మాటలు అరుగు గోడ మీద సుద్దతో రాసి పెట్టు, సెలవులు అయ్యేదాకా చెరపకు. ఎక్కడైనా "వెళ్తున్నాడు" దగ్గర ఆగితే గోడ మీద "అత్త", "అన్న" చూపించు, నువ్వు చెప్పకు. రాత్రి, సూర్యుడు, పద్యం లాంటివి ఆ తర్వాత.

నువ్వు చెప్పకు అన్నాను కదా, అదే కష్టం నీకు. చిన్నప్పటి నుంచీ నీ నోరు ఆగదు. పిల్ల "గుమ్మ..." అని ఆగగానే "గుమ్మడికాయ" అని అందిస్తావు. అలా నాలుగుసార్లు అందిస్తే ఐదోసారి ఆ పిల్ల పుస్తకం చూడదు, నీ మొహం చూస్తుంది. ఆగినప్పుడు మనసులో ఐదు దాకా లెక్కపెట్టు. సగంమంది ఈలోగా వాళ్ళే అందుకుంటారు. అప్పటికీ రాకపోతే మాట చివర నీ వేలితో మూసి, మొదటి రెండక్షరాలే చూపించు. అదీ కాకపోతే అప్పుడు చెప్పెయ్, పీడించకు. వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదవమను. తప్పు చదివినా అర్థం చెడకపోతే వదిలెయ్. "ఇంటికి పోయాడు" అని ఉంటే "ఇంటికి వెళ్ళాడు" అన్నాడనుకో, వాడు అర్థం చేసుకుంటున్నాడని గుర్తు. "ముక్క నాటాడు" అంటే మాత్రం వాక్యం అయ్యేదాకా ఆగి, "ముక్క నాటితే ఏం మొలుస్తుందిరా?" అని అడుగు. అంతే. వాడే వెనక్కి వెళ్తాడు. మిగతా పిల్లలు నవ్వితే మొదటి రోజే అణిచెయ్, ఆ ఒక్క విషయంలో నీ గొంతు ఎంత పెంచినా నేనేమీ అనను. రెండో తరగతిలో "ష" ని "ప" అని చదివినందుకు ఎవరో నవ్వారని నువ్వు రెండు రోజులు బడికి వెళ్ళనని మంచం కింద దూరావు, మీ అమ్మని అడుగు.

గంటన్నరలో పావుగంట కార్డులు, ఇరవై నిమిషాలు నువ్వు పైకి చదివి వినిపించే కథ, ఇరవై నిమిషాలు జంటలుగా వాళ్ళు చదువుకోవడం. మిగిలినంతసేపూ నువ్వు ఒక్కొక్కర్నీ పిలిచి వినడం, రోజుకి ఐదుగురు. చదివేటప్పుడు వేలు అక్షరాల మీద కాకుండా, వాక్యం కింద చీటీ పెట్టి జరుపుకోమను. అందరిచేతా కలిపి చదివించకు. గుంపులో చదవలేనివాడు పక్కవాడి గొంతు వెనక దాక్కుంటాడు. నిమిషానికి ఎన్ని మాటలు చదివారని గడియారం కూడా పెట్టకు. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకంలో మూడో తరగతికి అరవై మాటలని రాశారు కానీ, మన మాటలు పొడుగు. "వెళ్ళిపోతున్నారు" అనేది మనకి ఒక్క మాటే.

పుస్తకాలు పదిమందికి నలభై కావాలి, పేజీకి ఒకటి రెండు వాక్యాలుండేవి సగమైనా ఉండాలి. స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైట్, 2015 నుంచి ఉంది. తెలుగు కథలు ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. నాలుగు స్థాయిలుగా ఉంటాయి, నీకు మొదటి రెండూ చాలు. పేజీలో రెండు మాటలకి మించి ఆగితే ఆ పుస్తకం ఇప్పటికి ఎక్కువ, పక్కన పెట్టు. మండలంలో శాఖా గ్రంథాలయానికి కూడా వెళ్ళు. కొద్దిపాటి డిపాజిట్ కడితే ఇంటికిస్తారు, సాధారణంగా శుక్రవారం సెలవు. పుస్తకాలు చిరుగుతాయి. చిరగనీ. భద్రంగా బీరువాలో ఉన్న పుస్తకం ఎవరు చదివారు గనక?

తల్లిదండ్రులు "ఇంగ్లీషు చెప్పమ్మా" అంటారు, తప్పకుండా అంటారు. వాదించకు. ఇప్పుడు మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉంటాయి కదా. పరిసరాల విజ్ఞానం తీసి, తెలుగు పేజీ పిల్లచేత చదివించి, ఎదుటి పేజీలో అదే బొమ్మ కింద నాలుగు ఇంగ్లీషు మాటలు చూపించు. వాళ్ళకీ తృప్తి. ఇంట్లో వినే తల్లికి చదువు రాకపోతే మరీ మంచిది, మాట అందించదు. రాత్రి అన్నం తిన్నాక పిల్ల చదువుతుంటే వినమను, "తర్వాతేమైంది?" అని మాత్రం అడగమను. కరెంటు బిల్లు, బస్సు బోర్డు, సబ్బు కాగితం, ఏదైనా సరే చదివించమను. నువ్వు రోజుకో పొడుపుకథ చీటీ మీద రాసి ఇంటికి పంపు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని. ఇంట్లోవాళ్ళని అడగాలంటే చీటీ చదవక తప్పదు. జవాబు రెప్పలని నువ్వు మాత్రం చెప్పకు.

నాలుగో తరగతి, ఐదో తరగతి చదివి అక్షరాల దగ్గరే ఉన్నవాడు ఒకడైనా వస్తాడు. వాణ్ణి ఒకటో తరగతి వాళ్ళ పక్కన కూర్చోబెట్టి "కాకి, గాలి" అనిపించకు, మర్నాడు రాడు. వాడికి వేరే పని ఇవ్వు: మర్నాడు చిన్నపిల్లలకి కథ చదివి వినిపించే పని. ముందు రోజు సాయంత్రం ఒక్కణ్ణే పిలిచి, పేజీకి ఒక వాక్యం ఉన్న పుస్తకం నాలుగుసార్లు చదివించు. పొద్దున్న వాడు పంతులు. అంత చిన్న పుస్తకం వాడెందుకు చదువుతున్నాడో ఎవరూ అడగరు, చిన్నపిల్లల కోసం కదా.

నా దగ్గరున్న బొమ్మల పుస్తకాలు పదిహేను, రెండు పలకలు, సుద్దముక్కల డబ్బా మూట కట్టాను. శనివారం ఆర్టీసీ కార్గోలో వేస్తాను. రసీదు ఫోటో పంపుతాను, కాంప్లెక్స్‌కి నాన్నని పంపు, ఎండలో నువ్వు వెళ్ళకు. మొదటి రోజు నాలుగు కాగితాల్లో ఎవరు ఎక్కడ ఆగారో పేర్లతో రాసి పంపిస్తే, ఎవరికి ఏ కార్డులు ముందు చెయ్యాలో నేను చెబుతాను.

మీ పెద్దమ్మ