తలరాతను నమ్మడం వల్లనే పేదరికం పోవడం లేదా?

విధిని నమ్మే సమాజాలు గట్టిగా ప్రయత్నించవని, అందుకే పేద దేశాలు పేదగానే మిగిలిపోతున్నాయని చెప్పే వాదన పాతదే గాని, గోదావరి డెల్టా చరిత్ర దానికి ఒప్పదు. 1832–33 నాటి కరవులోనూ, ఆ తరువాతి ఏళ్లలోనూ ఈ ప్రాంతం బాగా చితికిపోయింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ధవళేశ్వరం వద్ద మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారాక, అదే జనం, అవే దేవుళ్లను కొలుస్తూ, అదే పూర్వజన్మ కర్మను నమ్ముతూ, ఈ నేలను ధాన్యాగారంగా మార్చారు. ఈలోగా నమ్మకాలు సడలిన దాఖలా లేదు. నీటికి భరోసా దొరికింది.

అలాగని నమ్మకానికి ఏ పాత్రా లేదనలేము. కోతకు వచ్చిన వరి నవంబరు తుపానుకు నేలవాలితే, పేరు మీద భూమి పత్రం లేని కౌలు రైతుకు బ్యాంకు రుణం గాని నష్టపరిహారం గాని అందడం కష్టం. షావుకారు వడ్డీ మాత్రం ఆగదు. అప్పుడతడు ‘మన రాత ఇంతే’ అనుకోవడం సోమరితనమని నేను అనుకోను. అయితే అదే మాట భూస్వామి నోట వచ్చినప్పుడు కూలి పెంచకపోవడానికి సాకుగా పనికివస్తుంది, ఆ సాకును కులవ్యవస్థ తరతరాలుగా కాపాడింది కూడా.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించారు. భారమంతా దేవుడి మీద వేసి ఊరకుండేవారు చేసే పని కాదది. పెట్టుబడినీ మద్దతు ధరనూ లెక్క చూసుకొని తీసుకున్న నిర్ణయం.