అప్పు చూసి ఆపరేషన్‌కి పోవద్దు

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో ఏడుస్తూ, "పెద్దమ్మా, ఈ నెల్లోనే ఆపరేషన్ చేయించేసుకుంటా, ఇంకో బిడ్డను సాకే శక్తి మాకు లేదు" అన్నావు. అప్పటికప్పుడు నా నోట మాట రాలేదు. తర్వాత నిద్రా పట్టలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా. అల్లుడికి కూడా చదివి వినిపించు.

మీ కష్టం చిన్నదని నేను అనను. 2024 సెప్టెంబరు 1, ఆ ఆదివారం బుడమేరు వాగు మన బెజవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఎనిమిది నెలల పిల్లని భుజాన వేసుకుని నువ్వు మెట్లెక్కిన సంగతి నాకు తెలియనిది కాదు. మీ గోడ మీద నీళ్ల గీత నా గుండెల దాకా ఉంది. సున్నం వేసినా వానాకాలంలో మళ్లీ కనపడుతూనే ఉంది. ప్రభుత్వం ఇంటికి 25,000, ఆటోకి 10,000 ఇచ్చింది. ఆ డబ్బు ఇంజిన్ విప్పించడానికి, సీట్లు మార్పించడానికి, మంచం, పొయ్యి కొనడానికి ఎక్కడికక్కడ సరిపోయింది. కొంచెం కుదురుకున్నారు అనుకునేసరికి 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితమైంది. నాలాంటిదానికి అది వరమే. అల్లుడి ఆటోకి మాత్రం సవారీలు తగ్గాయి. అక్టోబరులో డ్రైవర్లకిచ్చిన 15,000 పాత వాయిదాలకే పోయిందన్నావు. అన్నీ నిజమే.

కానీ అమ్మలూ, నీకు ఇరవై నాలుగేళ్లు. ఒక్కతే పిల్ల, దానికి రెండేళ్లు నిండబోతున్నాయి. అప్పు మూడేళ్లకో నాలుగేళ్లకో తీరుతుంది. ఆపరేషన్ తీరేది కాదు.

నా సర్వీసులో జరిగింది ఒకటి చెప్తా. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా, చేరిన కొత్తలో మాకు టార్గెట్లు ఉండేవి. నెలకి ఇన్ని ఆపరేషన్ కేసులు తేవాలి, తేకపోతే మీటింగులో నిలబెట్టి అడిగేవాళ్లు. 1996లో ఆ టార్గెట్లు తీసేశారు గానీ అప్పటికే నేను చాలామందిని క్యాంపులకి తీసుకెళ్లాను. వాళ్లలో ఒకామె గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లేది. వేళ్లు ఎప్పుడూ ఎర్రగా, మండుతూ ఉండేవి, పాలిచ్చేముందు చంటాడిని తాకడానికి భయపడి కొబ్బరినూనెతో రుద్దుకునేది. ఇరవై రెండేళ్లకే ఇద్దరు పిల్లలు. ఆ ఏడు పనులు లేవు, అప్పులు. తనే వచ్చి చేయించమంది, నేను రెండో మాట అడగకుండా తీసుకెళ్లాను. నాలుగేళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. అప్పు తీరిపోయింది, చిన్నవాడు జ్వరంతో పోయాడు. "ఆ ముడి విప్పుతారా అమ్మా?" అని అడిగింది. అది ముడి అనుకుంది. కత్తిరించి కట్టేసిన గొట్టాలని మళ్లీ కలపడం పెద్ద ఆపరేషన్ అని, చేసినా నిలుస్తుందన్న హామీ లేదని ముందే చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

అందుకే నీకు చెప్తున్నా. ఇప్పుడు నీకు కావాల్సింది గడువు. అది దొరికే దారులున్నాయి. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ అయినవాళ్లే. దేశంలో ఇంకెక్కడా అంత లేదు. అందుకే మనవాళ్లకి పిల్లలు వద్దంటే ఆపరేషన్ తప్ప ఇంకోటి తట్టదు.

నీకు నేను చెప్పేది లూపు. కాపర్‌-టి అంటారు. అగ్గిపుల్ల కన్నా పొట్టిగా ఉండే ప్లాస్టిక్ ముక్కకి సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది, కింద రెండు దారాలు. వచ్చినప్పుడు నీ అరచేతిలో పెట్టి చూపిస్తా. అది గుండెకి పాకుతుందని మీ వీధిలో ఎవరో అన్నారట, పాకదు, అది ఉండేది గర్భసంచిలోనే. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పదేళ్లు పనిచేసే రకం ఉంది, అయిదేళ్లది కూడా ఉంది. వద్దనుకున్న రోజు తీయించుకుంటే మళ్లీ గర్భం నిలవొచ్చు. మొదటి రెండు మూడు నెలలు బహిష్టు ఎక్కువగా అవ్వొచ్చు, పొత్తికడుపు నొప్పి రావొచ్చు. నీకు రక్తం తక్కువ కదా, ముందు పరీక్ష చేయించి, ఐరన్ మాత్రలు మానకుండా వేసుకో. తెల్లబట్ట ఉంటే దాచకుండా చెప్పు, అది తగ్గించాకే వేస్తారు.

లూపంటే భయం పోకపోతే ఛాయ మాత్రలున్నాయి. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటే. అందులో హార్మోను ఉండదు. అంతరా ఇంజెక్షన్ మూడు నెలలకోసారి, కానీ మానేశాక మళ్లీ గర్భం నిలవడానికి ఏడెనిమిది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, బహిష్టు కూడా తప్పుతుంటుంది. అది తెలిసి వేయించుకుంటే తప్పు లేదు. లూపు వేయించుకునేదాకా నిరోధ్ వాడమని అల్లుడికి నువ్వు చెప్పలేకపోతే ఈ ఉత్తరం చెప్తుంది. మీ వీధి ఆశా వర్కర్ దగ్గర అడిగితే ఇస్తుంది, సిగ్గుపడాల్సిందేం లేదు. ఎప్పుడైనా నెల తప్పితే మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రలు కొని నీకు నువ్వు మింగకు. రక్తం ఆగక ఆసుపత్రికి మోసుకొచ్చినవాళ్లని నా కళ్లతో చూశాను. అబార్షన్ చట్టం 1971 నుంచి ఉంది. డాక్టరు చేయడానికి పెద్దదానివైన నీ ఒక్కదాని సంతకం చాలు.

ఇక మీ అత్తగారి మాట. "ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు, బడికెళ్లే పిల్లలు ఎందరుంటే అందరికీ తల్లికి వందనం డబ్బు వస్తోంది" అన్నారట. వస్తోంది, 2025లో పిల్లకి 13,000 చొప్పున పడింది. కానీ అది ఒకటో తరగతిలో చేరాక వచ్చే డబ్బు. పాలు, జ్వరాలు, నీ పని మానుకోవడం, ఆ మొదటి అయిదేళ్ల ఖర్చు మీ మీదే. ఈ లెక్క వదినగారికి నేనే కూర్చోబెట్టి చెప్తాను, నువ్వు ఎదురు మాట్లాడి మాట పడకు. మనవడు కావాలన్న ఆశ ఆవిడకి ఉంది. దాన్ని రేపే తీర్చాలని ఎక్కడా లేదు. బిడ్డకీ బిడ్డకీ మూడేళ్ల ఎడం ఉంటే ఇద్దరికీ బలమని ఆవిడకే తెలుసు, ఆవిడ కాన్పులూ అలాంటివే.

అప్పు గురించి ఒక్కటే. ముందు ఆ కాల్‌మనీ, రోజువారీ వడ్డీకి తెచ్చిన అప్పు, వదిలించుకో. 2015లో ఈ ఊళ్లో కాల్‌మనీవాళ్లు ఆడవాళ్లని ఎంత ఏడిపించారో మర్చిపోయావా? నీ గొలుసు బ్యాంకులో పెట్టి, డ్వాక్రా లోను కొంత కలిపి, ఆ అప్పు మొత్తం ఒక్కసారే కట్టేసి, మీరు సంతకం పెట్టిచ్చిన నోటు చేతికి తెచ్చుకో. ఖాళీ నోటు మీద మళ్లీ సంతకం పెట్టొద్దని అల్లుడికి చెప్పు.

రెండో బిడ్డ వద్దు, ఇక చాలు అని మీరిద్దరూ నిదానంగా, అప్పు భయం లేకుండా నిర్ణయించుకున్న రోజున అల్లుణ్ణే చేయించుకోమంటా. మగవాళ్ల ఆపరేషన్‌కి ఇప్పుడు కత్తీ లేదు, కుట్టూ లేదు, అదే రోజు ఇంటికి వస్తాడు. కొన్నాళ్లు బరువులెత్తకుండా ఉంటే చాలు. మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్షలో బాగుందన్నాక వదిలేయొచ్చు. మగతనం పోతుందన్న భయం ఎమర్జెన్సీలో పట్టుకుపోయి చేసిన రోజుల నుంచి మనవాళ్లలో నాటుకుంది, ఆ రోజుల్ని చూసినదాన్ని కాబట్టి దానికి నేను ఎవరినీ తప్పుపట్టను. కానీ అది నిజం కాదు.

వచ్చే మంగళవారం పొద్దున తొమ్మిదింటికి మీ అర్బన్ హెల్త్ సెంటర్ గేటు దగ్గర ఉంటాను. పిల్లని తీసుకురా, నువ్వు లోపలున్నంతసేపు నేను ఎత్తుకుంటా. ఆధార్ కార్డు, పాత రక్తపరీక్ష చీటీ మర్చిపోకు. కిందటి నెల బహిష్టు ఎప్పుడయిందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టి ఆ కాగితం కూడా తీసుకురా, వాళ్లు మొదట అడిగేది అదే.

మీ పెద్దమ్మ